అర్బాబ్ అరచెయ్యి

దోహాలో ఎటు చూసినా క్రేన్లు లేస్తున్న రోజులవి. నేను అల్ తుమామాలో ఒక ఖతరీ కుటుంబం దగ్గర డ్రైవర్ని. దేశం వదలకముందు జగిత్యాల బస్టాండు పక్కన లారీల సెల్ఫ్ మోటార్లు, అంటే ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసేవి, బాగుచేసే షాపులో పనిచేశాను. అందుకని ఇంట్లో ఏ బండి మొరాయించినా నన్నే పిలిచేవాళ్ళు.

మా అర్బాబ్, అంటే యజమాని, యాభై దాటిన మనిషి. మాలాంటివాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ హిందీ నేర్చుకున్నాడు. ఆయనకు ఒక పాత అమెరికా కారవాన్ ఉండేది. చమురు డబ్బు కొత్తగా వచ్చిన రోజుల్లో వాళ్ళ నాన్న ఓడమీద తెప్పించాడట. మంచాలు, పొయ్యి, ఏసీ ఉన్న బస్సు అనుకోండి. వాటికి కరెంటు ఇవ్వడానికి పక్కన ఒక అరలో జనరేటర్ ఉంటుంది. చలికాలం రాగానే దాన్ని ఇసుక దిబ్బల్లోకి తీసుకెళ్ళి, చుట్టాలను పిలిచి రెండు మూడు రోజులు గడపడం ఆ ఇంటి అలవాటు. ఆ ఏడు అర్బాబ్ తల్లి కూడా వస్తానంది. మోకాళ్ళ నొప్పులతో గడప దాటడం మానేసిన ముసలావిడ.

బయలుదేరే ముందు ఇంటి దగ్గర జనరేటర్ స్టార్ట్ చేసి చూశాను. మొదటి తిప్పుకే అందుకుంది. మధ్యాహ్నం దిబ్బల దగ్గర బండి ఆపి, చుట్టాలందరి ముందూ స్విచ్ నొక్కితే మాత్రం ‘టిక్’ మంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ టిక్.

"హమారా ఇంజనీర్ హై, అభీ కరేగా," మా ఇంజనీర్ ఇప్పుడే చేసేస్తాడు, అన్నాడు అర్బాబ్ చుట్టాలతో, నాకూ తెలియాలని హిందీలో, నా భుజం తట్టి. నేను ఇంజనీర్ని కానని వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. పానా తీసుకుని జనరేటర్ అర తెరిచాను.

బ్యాటరీ బాగానే ఉంది. సెల్ఫ్ మోటార్ విప్పి, లోపల కార్బన్ శుభ్రం చేసి, చుట్టాల జీపు బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు తగిలిస్తే బొంగరంలా తిరిగింది. తిరిగి బిగించి స్విచ్ నొక్కితే టిక్. పిల్లలకు అది ఆటయింది. నేను స్విచ్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నాకంటే ముందే "టిక్!" అని అరిచి ఇసుకలో పడి నవ్వేవాళ్ళు. పెద్దవాళ్ళు మందలించబోయి వాళ్ళూ నవ్వేవాళ్ళు.

వంటమనిషి నిజామాబాద్ సాయబు. మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళం. అతను వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, అయితదా, కాదా? పొద్దు గూకుతున్నది. లోపల ముసలమ్మ చీకట్ల కూసున్నది."

"అయితది తియ్."

"ఎప్పటిసంది గదే అంటున్నవ్."

చుట్టాల్లో ఒకాయన, ఊళ్ళోంచి వేరే జనరేటర్ తెప్పించమన్నాడు. అర్బాబ్ ఒప్పుకోలేదు. "యే బనాయేగా," ఇతనే బాగుచేస్తాడు, అన్నాడు. ఆ మాట నా మీద బండరాయిలా పడింది.

జనరేటర్ వెనక వైపు బండి కిందినుంచి చూడాలి. ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో వైర్ల కట్ట పట్టుకుంటే నాకు ఇంకో చెయ్యి మిగల్లేదు. సాయం పట్టమని వంటమనిషిని పిలుద్దామనుకునేలోపు అర్బాబే నా పక్కన ఇసుకలో వెల్లకిలా పడుకున్నాడు. తెల్లటి పొడవు చొక్కాతోనే.

"వద్దు వద్దు సాబ్, బట్టలు ఖరాబవుతాయి," అన్నాను హిందీలో.

"యల్లా, కానియ్, ఏం పట్టుకోవాలో చెప్పు," అన్నాడు.

ఎడమచేతికి టార్చి ఇచ్చి, కుడిచేత్తో వైర్ల కట్టను పైకెత్తి పట్టుకోమన్నాను. స్విచ్ నొక్కమని వంటమనిషికి అరిచి చెప్పాను. నొక్కి అలాగే ఉంచమన్నాను. సెల్ఫ్ ఒక్క మూలుగు మూలిగింది. మరుక్షణం అర్బాబ్ కేకపెట్టి చెయ్యి లాక్కున్నాడు.

చుట్టాలంతా లేచొచ్చారు. ఆయన అరచెయ్యి మధ్యలో తోలు ఎర్రగా పొంగిపోయింది. ఆయన మాత్రం మోచేతి మీద లేచి, రెండో చేత్తో బండి అడుగున ఇనుప చట్రం, చాసిస్ వైపు చూపిస్తూ "గరమ్! ఉధర్ గరమ్!" అంటున్నాడు.

అక్కడ చూస్తే, ఆయన పట్టుకున్న కట్టలోంచి చాసిస్‌కు వెళ్ళే ఎర్త్ వైరు. చాసిస్‌కు దాన్ని బిగించిన బోల్టు పాత రంగు కింద తుప్పుపట్టి, దారి కుదుపులకు వదులైంది. కరెంటంతా అక్కడే తట్టుకుని కాలిపోతోంది. ఆకురాయితో గీకి, బిగించాను. ఈసారి నొక్కగానే జనరేటర్ అందుకుంది. దీపాలు వెలిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను బండి కింద అవసరం లేకపోయినా పానాలు సర్దుతూ ఉండిపోయాను.

ముసలావిడను కుర్చీతో బయటికి తెచ్చారు. కొడుకు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు పోస్తూ అరబ్బీలో ఏదో అంటోంది.

"నన్ను తిడుతున్నదా?" అని అరబ్బీ తెలిసిన వంటమనిషిని అడిగాను.

"నిన్నెందుకు తిడ్తది? గింత వయసొచ్చినా నీకు తెలివి రాలే అని కొడుకును అంటున్నది."

అన్నం వేళకు అర్బాబ్ నన్ను పిలిచి తమ చాప మీదే కూర్చోబెట్టాడు. ‘దోషం దొరికింది నావల్లే, ఇక మెకానిక్‌ని నేనే’ అని కట్టుకట్టిన చెయ్యి ఎత్తి అందరికీ చూపించాడు. అందరూ నవ్వారు. పెద్ద పళ్ళెం నిండా అన్నం, మాంసం వచ్చింది. ఆయన కుడిచెయ్యి పనికిరాదు, ఎడమచేత్తో తినడు. ముసలావిడ కుర్చీ దగ్గరికి జరిపించుకుని, ఎముకలు ఏరి, ముద్ద చేసి ఆయన నోట్లో పెట్టసాగింది. మనవలు ఉన్న మనిషి, అందరి ముందూ బుద్ధిగా నోరు తెరుస్తున్నాడు. అన్నం మెతుకు గడ్డం మీద పడితే ఆవిడ తన ముసుగు అంచుతో తుడిచింది. నేను తల పైకెత్తలేక, నా ముందున్న అన్నాన్ని ఊరికే కెలుకుతూ కూర్చున్నాను.

దోహాకు తిరిగొచ్చాక ఒకరోజు కారులో ధైర్యం చేసి "మాఫ్ కరో సాబ్" అన్నాను.

"కిస్ లియే?" అన్నాడాయన, ఫోన్లోంచి తల ఎత్తకుండా. ఎందుకో చెప్పేలోపు ఇంకో ఫోన్ వచ్చింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేకపోయాను.

శుక్రవారం మా ఆవిడకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్ సేటు చెయ్యి కాల్చినవా? కొల్వు ఉన్నదా, పోయిందా?"

"ఉన్నది."

"తిట్టిండా?"

"తిట్టలే."

"మరి ఏమన్లేరు గదా. గంత బాధ ఎందుకు నీకు?"

ఆయన ఒక్క తిట్టు తిడితే బాగుండేదని చెప్పబోయి, పిల్లల చదువు ఎలా ఉందని అడిగాను.