నిమ్మకాయ కళ్ళ రాకాసిబల్లి

తడిసిన నల్లరేగడి వాసన తగిలితే చాలు, నా చెయ్యి దానంతటదే మా వాడి నుదుటి మీదికి పోతుంది. ఈ సాయంత్రం ఐదేళ్ల మా వాడు పెరటి మట్టితో మూరెడు పొడుగు రాకాసిబల్లిని చేసి వంటింటి గడప పక్కన ఆరబెట్టాడు. "అమ్మా, దీనికి కండ్లు ఏం పెట్టల్ల?" అన్నాడు. రేపు చెబుతానని పడుకోబెట్టాను. వాడి ఒళ్లు చల్లగానే ఉంది. నాకే నిద్ర రాక ఇది రాస్తున్నాను.

ఇరవై ఏళ్ల కిందట, యాభైలలో, మా పల్లె ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే దారిలో ఉండేది. చలి తగ్గేసరికి చేలు బీటలు వారేవి, ఆదోని మిల్లులకు పోయే పత్తి బండ్లు దారి పొడవునా తుమ్మముళ్లకు తెల్లటి పీచు తగిలించి పోయేవి, ప్రతి ఇంటి నుంచీ జొన్నరొట్టెలు తట్టే చప్పుడూ వేయించిన శనక్కాయల వాసనా వచ్చేవి. మా పిల్లల ఆట మాత్రం తొండలను చంపడం. కంచె మీద తొండ తల ఊపితే మమ్మల్నే వెక్కిరిస్తోందని రాళ్లతో దాని నడుము విరగ్గొట్టి, నోట్లో పొగాకు కుక్కి, అది గిరగిరా తిరిగి చచ్చేదాకా చప్పట్లు కొట్టేవాళ్లం. పెద్దలెవరూ వద్దనేవారు కాదు. మా నాన్న చర్నాకోల కూడా ఎద్దుల మీదా మా అమ్మ మీదా ఒకే తీరున పడేది.

ఆ ఏడు మా బడికి ఏసోబు సారు వచ్చాడు. పక్క ఊరి కూలివాళ్ల ఇంట పుట్టి ఆదోనిలో చదువుకున్నవాడు. ఒకరోజు మా చేతిలోని చచ్చిన తొండను తీసుకుని బల్ల మీద పడుకోబెట్టి, "దీని తాతముత్తాతలు చింతచెట్టంత ఉండిరి. అవే ఈపొద్దు ఉండింటే, రాళ్లేసేదానికి మీరు యాడ మిగులుతారప్పా?" అన్నాడు. నవ్వడానికి కూడా భయమేసింది. ఆ రోజు నుంచి తొండలు బతికిపోయాయి. మేము రేగడిమట్టితో గుడ్లు చేశాం, తుమ్మముళ్లు గుచ్చి పళ్లు పెట్టాం, ముగ్గురం కూర్చోగలిగినంత అడుగుజాడను తవ్వాం. చివరికి సారు ఎప్పుడో చచ్చిన ఎద్దు ఎముకలు కడిగి తెచ్చి పంట నూర్చే కళ్లంలో పాతిపెట్టాడు. మేము చిప్పలతో తవ్వి, చీపుళ్లతో దులిపి, ఒక్కొక్కటే పేర్చి, వాటి చుట్టూ సున్నంతో కళ్లం ఈ కొస నుంచి ఆ కొసదాకా రాకాసిబల్లిని గీశాం.

అందరూ ఇళ్లకు పోయాక కూడా నాకు మనసొప్పలేదు. కళ్లు లేకుండా అదెట్లా చూస్తుంది? ఇంట్లోంచి రెండు నిమ్మకాయలూ అమ్మ కుంకుమ భరిణా తెచ్చాను. నిమ్మకాయలు కళ్లయ్యాయి, కుంకుమ దాని నోటి చుట్టూ నెత్తురయింది. చీపురు కోసం వెనక్కి వచ్చిన సారు చూసి నవ్వి, "బాగా కరుస్తాది పాపా ఇది" అన్నాడు. ఎముకలూ నిమ్మకాయలూ కుంకుమా ఒకచోట చూస్తే ఊరు ఏమనుకుంటుందో ఆ సంబరంలో ఆయనకూ తట్టలేదు.

తెల్లవారి మూడేళ్ల మా తమ్ముడు దాని మీదుగా పరుగెత్తాడు. మధ్యాహ్నానికి వాడికి ఒళ్లు కాలిపోయింది, కళ్లు తేలేసి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. "దాటరానిది దాటినాడు. ఎవడో చేతబడి చేసినాడు" అంది అవ్వ. నాన్న చర్నాకోల తీసుకుని బడికి నడిచాడు. వెనకాల పది మంది కట్టెలతో.

"నిమ్మకాయలు ఎవడు పెట్టినాడ్రా?"

నేను పలక పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను. సారు నావైపు ఒక్కసారి చూశాడు. నాన్న చేతిలోని చర్నాకోలను చూశాడు.

"నేనే పెట్టినా అన్నా. పిల్లోళ్లకు పాఠం సెప్పేదానికి."

తర్వాత మాట సాగనివ్వలేదు. జుట్టు పట్టి కళ్లం దాకా ఈడ్చారు, వీపు చీరుకుపోయేదాకా కొట్టారు. మంత్రగాడి నోట మంత్రం పలకకూడదని ముందుపళ్లు రాలగొట్టడం మా వైపు పద్ధతి. ఇద్దరు సారు తల కదలకుండా పట్టుకున్నారు, నాన్న గుండ్రాయి ఎత్తాడు. ఆ చప్పుడుకు నేను పలకతో ముఖం కప్పుకున్నాను. పలక దించేసరికి కుంకుమ ఏదో నెత్తురేదో తెలియకుండా ఉంది. సారు వంగి, సున్నంలో చెయ్యి పెట్టి తడుముతూ పళ్లు ఏరుకుంటున్నాడు.

మూడోనాటికి తమ్ముడి జ్వరం దిగింది. పళ్లు రాలితేనే విరుగుడయిందని ఊరంతా అంది, నాన్న మీసం దువ్వుకున్నాడు. సారును పత్తి బండి మీద వేసి ఆదోనికి పంపారు. మరుసటి రోజే మేము మళ్లీ తొండల మీద రాళ్లు వేశాం.

పెళ్లయి ఆదోనికి వచ్చిన కొత్తలో పత్తి బజారులో ఆయన్ను ఒకసారి చూశాను. తుండుగుడ్డతో నోరు కప్పుకుని బస్తాల మీద గుర్తులు వేస్తున్నాడు. పలకరించకుండా మా ఆయన వెనక్కి తప్పుకున్నాను. ఇప్పుడు ఆ కళ్లం లేదు, చేను చేసేశారు. ఆ బడి కూలిపోయింది. అవ్వ లేదు. ఎముకలు ఏ నాగలికి తగిలాయో తెలియదు.

రేపు పొద్దున్నే నాన్న మనవడిని చూడటానికి వస్తున్నాడు. వంటింట్లో రెండు చిన్న నిమ్మకాయలున్నాయి. మా వాడు లేవగానే వాటినే ఇస్తాను. గడప పక్కన చూసి నాన్న ఎవరు పెట్టారని తప్పకుండా అడుగుతాడు. నేనే పెట్టానని చెబుతాను. ఇవే కాదు, ఆ రెండు కూడా.