దిండు గలీబులో జకాత్

జగ్గయ్యపేటలో మా మేనమామకి పరుపుల కొట్టు. మసీదు జకాత్ కమిటీకి ప్రెసిడెంటు కూడా ఆయనే. కలిగినవాళ్ళు ఏటా తీసిచ్చే జకాత్‌ని లేనివాళ్ళకి చేర్చడం ఆయన బాధ్యత. దానికాయన పద్ధతి ఒకటుంది. రంజాన్ నెలలో, దిండ్లు బాగుచేసి తెచ్చినట్టు సైకిలు మీద ఇళ్ళకి వెళ్ళేవాడు. డబ్బుల కవరు గలీబులో ఉండేది. వీధి జనానికి దిండే కనబడేది. ఆ ఇళ్ళలో దిండ్లు సరిగ్గా రంజాన్‌కే ఎందుకు పాడవుతాయో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

కిందటేడు ఆయన మోకాళ్ళు మొరాయించాయి. నేను నందిగామలో ఓ కాలేజీలో కంప్యూటర్లు చెబుతా. నాయకత్వం మీద రెండు రోజుల ట్రైనింగు కూడా అయింది. సర్టిఫికెట్టుంది.

"మామయ్యా, ఇక ఫోనులోనే పంపేద్దాం. ఈ రోజుల్లో పారదర్శకత ముఖ్యం" అన్నా.

"అంటే?"

"అన్నీ అందరికీ కనబడాలి."

"కనబడకూడదనేగదరా ఇన్నేళ్ళు సైకిలు తొక్కింది!"

వాదనలో ఆయనే నెగ్గాడు. కానీ మోకాళ్ళు నా పక్షం. నంబర్ల పుస్తకం చేతికిచ్చాడు.

మధ్యాహ్నం వాట్సాప్ గ్రూపు పెట్టా. పేరు చూడగానే అర్థం కావాలి కాబట్టి "జకాత్ తీసుకునేవారు" అని పెట్టా. పుస్తకంలో ఉన్న అందర్నీ చేర్చా.

పది నిమిషాల్లో టీచరమ్మ ఫోను. మా వీధి పిల్లలకి ఖురాన్ చదవడం నేర్పేది ఆవిడే, నాకూ ఆవిడే. భర్త పోయాక మిషను కుట్టుకుని బతుకుతోంది. ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషని పేటంతా పేరు.

"నన్ను పొరపాటున చేర్చినట్టున్నావు బాబూ. తీసెయ్యి. ఇక దిండు కూడా వద్దని మీ మామయ్యకి చెప్పు."

గొంతు మామూలుగానే ఉంది. చిన్నప్పుడు నేను తప్పు చదివితే, కొట్టే ముందు కూడా అలాగే ఉండేది.

పరుగున కొట్టుకెళ్ళి మామయ్యకి చెప్పా. "తీసేద్దామంటే, ఫలానావారిని తీసేశారని మిగతావాళ్ళకి కనబడుతుంది."

"పారదర్శకత" అన్నాడు మామయ్య. చేతికంటిన పత్తి దులుపుకున్నాడు. "నన్ను చేర్చు."

"మీరు ఇచ్చేవారు గదా?"

"చేర్చరా. కమిటీని చేర్చు. పత్తి షావుకారుని చేర్చు. మసీదులో ఫోనున్న ప్రతివాణ్ణీ చేర్చు."

"పేరు మార్చనా?"

"వద్దు. మారిస్తే పాత పేరేంటని వెతుకుతారు."

సాయంత్రం అసర్ నమాజు దాకా చేరుస్తూనే ఉన్నా. ఆ ఊపులో మా ప్రిన్సిపాల్‌నీ, వత్సవాయి ఊళ్ళోని ట్రాక్టరు మెకానిక్‌నీ కూడా చేర్చా. ఇద్దరూ హిందువులే. ప్రిన్సిపాల్ గారు రంజాన్ శుభాకాంక్షలు చెప్పి, దరఖాస్తు ఎక్కడివ్వాలని అడిగారు. మా పేటలో అందరికంటే ఎక్కువ జకాత్ తీసే పత్తి షావుకారు గ్రూపు పేరు చదివినట్టున్నాడు, "నాకెంత వస్తుంది?" అని పెట్టాడు.

ఇఫ్తార్‌కి కాస్త ముందు గ్రూపులో టీచరమ్మ మెసేజి వచ్చింది. షావుకారుకి.

"అన్నయ్యా, మీ పరిస్థితి ఇలా ఉందని తెలియదు. సిగ్గుపడకండి. కుట్టుపని ఏమన్నా ఉంటే పంపండి, డబ్బులొద్దు."

షావుకారు చాలాసేపు టైపు చేస్తున్నట్టు కనబడింది. ఈలోగా నాకు టీచరమ్మ ఫోను.

"నన్ను తీయొద్దులే బాబూ. దిండు కూడా ఎప్పట్లాగే పంపమను. నేను మానేస్తే పాపం షావుకారు గారికి మరీ నామోషీగా ఉంటుంది."