గోడ దిక్కు తిరిగినోణ్ని కాల్చొద్దు

కోరుట్లలో నెట్ సెంటర్ నడిపిన భాయ్ పోయాడని నాకు ఒక వీడియో వల్ల తెలిసింది. ముందు జుట్టు నూనె ప్రకటన వచ్చింది. అది దాటాక, సిరిసిల్లలో పుట్టి ఇప్పుడు హైదరాబాదులో కూర్చుని ఆటల మీద సమీక్షలు చెప్పే ఒకాయన నల్ల చొక్కాలో కనబడి, గొంతు తగ్గించి, "మా గురువు ఇక లేరు" అన్నాడు. ఏడుపు ఆగవలసిన చోట సరిగ్గా ఆగింది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. జగిత్యాల గ్రంథాలయంలో ఉద్యోగం చేసినంత కాలం సంతాప సభలకు కుర్చీలు వేయించినవాణ్ని. నిజంగా దుఃఖం ఉన్నవాడికి మైకు ఎక్కడుందో కనబడదు.

వార్త మాత్రం నిజం. పొద్దున షట్టర్ ఎత్తబోతూ కూలబడ్డాడట. గుండె. నేను బస్సు దిగేసరికి శవాన్ని ఎత్తుకుని జనాజా బయలుదేరింది. అది ఆయన దుకాణం ముందు నుంచే పోయింది. షట్టర్ మూసి ఉంది. లోపల గోడ వైపు తిరిగి నిలబడడానికి ఆ రోజు ఎవరూ లేరు.

ఈ మాట అర్థం కావాలంటే ఆట గురించి చెప్పాలి. దాని పేరు రాయను, రాస్తే వాళ్లకు ఉచిత ప్రచారం. రెండు జట్ల సిపాయిలు ఒక పాత గోదాములో ఒకరినొకరు కాల్చుకునే ఆట. ఒకప్పుడు ప్రతి నెట్ సెంటర్లోనూ ఉండేది. నేను భాయ్ దగ్గరికి ఆట కోసం పోలేదు, పత్రికలకు ఉత్తరాలు టైపు చేయించడానికి పోయాను. ఆ ఉత్తరాలను సంపాదకులు సగానికి కత్తిరించేవారు. వాటిని మొదటి నుంచి చివరి దాకా చదివిన మనిషి లోకంలో ఆయనొక్కడే, టైపు చేసేది ఆయనే కాబట్టి. ఒకనాడు ఉత్తరం పంపబోతే నెట్ ముందుకు కదలలేదు.

"గది పోయేదాక గిట్ల గోళ్లు కొరుక్కుంట కూసుంటరా సార్? జగిత్యాలోళ్లకు ఒక మనిషి తక్కువున్నడు. జర చెయ్యి వెయ్యుండ్రి" అన్నాడు.

అలా వేసిన చెయ్యి చాలా ఏళ్లు తియ్యలేదు. ఆదివారాలు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జట్లు ఆ ఇరుకు గదిలో కలుసుకునేవి. నేను అందరిలో పెద్దవాణ్ని, అందరికన్నా ముందు చచ్చేవాణ్ని.

ఆ పాత ఆటలో మనిషికి ఒకటే వేగం. దెబ్బ తగిలితే మందుల పెట్టె ఉన్న మూల దాకా పోవలసిందే. శత్రువు ఎక్కడున్నాడో చెప్పే పటం ఉండదు, అడుగుల చప్పుడు వినాలి. మరమగ్గాల మోతలో పెరిగిన సిరిసిల్ల వాళ్లు ఎంత గోలలోనైనా ఆ చప్పుడు పట్టేసేవారు. భాయ్ హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టేవాడు. "ఒక చెవి ఆటకు, ఒక చెవి దుకాణానికి" అనేవాడు. కీబోర్డులను గడ్డం గీసుకునే బ్రష్‌తో తుడిచేవాడు. కరెంటు పోయి వస్తే, పోయిన క్షణంలో ఎవరు ఎక్కడ ఉన్నారో గుర్తుపెట్టుకుని మళ్లీ అక్కడే నిలబెట్టేవాడు. "ఉస్తాద్, నువ్వు నిచ్చెన కింద. సార్, మీరు పెట్టెల ఎన్కాల. జరగకుండ్రి, నాకు యాదికున్నది." అప్పటికే పెట్టెల ఎదుటికి జరిగిన నేను మళ్లీ వెనక్కి పోయేవాణ్ని.

గోడ సంగతి ఇలా మొదలైంది. దుకాణం పక్క సందులోనే మసీదు. అజాన్ వినబడగానే భాయ్ స్పీకర్లు తగ్గించి, మౌస్ మీది నుంచి చెయ్యి తీసేవాడు. ఒకసారి అలా తీసినప్పుడు ఎవరో ఆయన్ని కాల్చి చంపారు. గది గొల్లుమంది. ఆయనా నవ్వాడు. మరుసటి రోజు అజాన్ మొదలవగానే తన సిపాయిని గోడ వైపు తిప్పి, తుపాకీ దించి, అప్పుడు చెయ్యి తీశాడు.

"గోడ దిక్కు తిరిగిన్నంటే నేను ఆటల లేను. గోడ దిక్కు తిరిగినోణ్ని కాల్చొద్దు. గంతే" అన్నాడు.

గోడకు రాసి పెట్టలేదు, ఎవరినీ బెదిరించలేదు. కానీ నెల తిరిగేసరికి అజాన్ వినబడితే ఆటలో ఉన్నవాళ్లందరూ గోడ వైపు తిరిగేవారు. తర్వాత అది ఇంకా పెరిగింది. రోడ్డు మీద డప్పులతో శవయాత్ర పోతే తిరిగేవారు. ఎవరి అమ్మయినా వెతుక్కుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడితే, తిట్లు పూర్తయ్యేదాకా రెండు జట్లూ తిరిగి నిలబడేవి. ఆ కాసేపు తెరల మీద సిపాయిలు వరుసగా వీపులు చూపిస్తూ ఉంటే, నేను చదివిన చాలా ధర్మశాస్త్రాల కన్నా అది నాకు బాగా అర్థమయ్యేది.

మన వీడియో పెద్దమనిషి అప్పట్లో ఇంజనీరింగు చదువుతూ సిరిసిల్ల జట్టులో ఆడేవాడు. గురి గొప్పది, ఒప్పుకోక తప్పదు. ఆయన్నీ కలుపుకుని మూడు ఊళ్లలోంచి ఏరిన జట్టు ఒకటి కరీంనగర్ కాలేజీలో పోటీకి పోయింది. గెలిచే ఆట. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి అజాన్ వినబడింది. మనవాళ్లు, ఆలోచించను కూడా ఆలోచించకుండా, అందరూ గోడ వైపు తిరిగారు. అవతలివాళ్లు వీపుల మీద కాల్చి కప్పు పట్టుకుపోయారు. వెనక్కి వచ్చాక భాయ్ చాయ్ తెప్పించాడు.

"ఓడిపోయిన్రు గని ఇజ్జత్ తియ్యలే" అన్నాడు.

"గీ ఇజ్జత్‌కు కప్పు వస్తదా భాయ్? మీ గోడ చెయ్యబట్టే పోయింది" అని సిరిసిల్ల ఆయన చాయ్ తాగకుండా లేచి వెళ్లాడు. మళ్లీ ఆ దుకాణం గుమ్మం తొక్కినట్టు నేను చూడలేదు. ఇప్పుడు 'మా గురువు' అంటున్నాడు.

ఇక కంపెనీ ఆ ఆటను కొత్తగా తయారుచేసిన సంగతికి వస్తాను. ఇలాంటివాటి మీద నాకు పాత గాయం ఉంది. మా ప్రాంతపు పాత కథల్ని మళ్లీ అచ్చు వేస్తానని ఒక ప్రచురణకర్త వస్తే, గ్రంథాలయంలో మిగిలిన ఒక్క ప్రతిని నేనే చేతిలో పెట్టాను. పుస్తకం తిరిగి వచ్చేసరికి మా మనుషులందరూ కోస్తా మాటలు మాట్లాడుతున్నారు. 'పాఠకుల సౌకర్యార్థం' అని ముందుమాట. అప్పటి నుంచి ఎవరైనా ప్రేమతో పాతదాన్ని బాగుచేస్తామంటే నేను తలుపు గడియ చూసుకుంటాను.

కంపెనీ ముందుగా ఒక నమూనా చూపించింది. సిపాయి పరుగెత్తుతాడు, నేల మీద జారుతాడు, తుపాకీ కంటికి ఆనించి గురి చూస్తాడు. మూల కూర్చుంటే గాయం దానంతటదే మానుతుంది. పటంలో శత్రువులు ఎర్ర చుక్కలై కనబడతారు. ఇక చెవులెందుకు? పాత అభిమానులు దుమ్మెత్తిపోశారు. నేనూ పోశాను, అక్షరదోషాలు లేకుండా. కంపెనీ దిగివచ్చి మందుల పెట్టెలు తిరిగి పెట్టింది. అప్పుడు అదే అభిమానులు 'మరీ నత్తనడక' అన్నారు. అభిమానుల్ని నమ్మకూడదని నాకు అప్పుడు తెలిసింది. కంపెనీల్ని నేను అంతకుముందూ నమ్మలేదు.

"భాయ్, చూసినవా? గోడలకు రంగు సుత మార్చిన్రు" అన్నాను.

"గోడ ఉన్నది గద సార్."

"ఉంటే?"

"ఉంటె చాలు. పాతదే కావాల్నంటె మన మిషిన్లల్ల పాతది ఉండనే ఉన్నది. కొత్తదాన్ని పాతగ ఉండుమని కొట్లాడుడెందుకు?"

"అయితే నువ్వు ఆడుతవా గది?"

"గీ వయసుల నాకు జారుడెందుకు సార్" అని నవ్వి, బ్రష్ తీసుకుని కీబోర్డు తుడవడం మొదలుపెట్టాడు. నేను దాన్ని మాట ఇవ్వడం కిందే లెక్క వేసుకున్నాను. కొత్త ఆటను ముట్టని వాళ్లం కనీసం ఇద్దరం ఉన్నామనుకున్నాను.

అందుకే వీడియో చివర సిరిసిల్ల ఆయన "భాయ్ కొత్త ఆట ఆడిండు, మనసార ఆశీర్వదించిండు" అన్నప్పుడు నా ఒళ్లు మండింది. చచ్చినవాడు వచ్చి కాదనలేడు కదా. ఆ మాట కింద ఆటలో కొనుక్కునే వేషాల ప్రకటన కూడా ఉంది. ఆ మనిషి పేరును అలా అమ్ముకోనివ్వకూడదనుకున్నాను. సంతాపపు రోజులు గడిచాక కోరుట్ల వెళ్లాను. భాయ్ బిడ్డ జిరాక్సు మిషన్ దగ్గర ఉంది.

"బిడ్డా, గా సిరిసిల్లాయన మీ నాయిన మీద అబద్ధాలు చెప్తున్నడు. మీ నాయిన గా కొత్త ఆట ముట్టలేదని ఒక్క మాట చెప్పు. మిగిలింది నేను రాస్త."

"ఎట్ల చెప్త చాచా? మా అబ్బా రోజు ఆడుతుండె."

నేను స్టూలు మీద కూర్చున్నాను.

"నాకు చెప్పలే."

"మీకు చెప్పొద్దన్నడు. సార్‌కు ఎరుకైతె నా మీద సుత పేపర్ల రాస్తడు అన్నడు." నవ్వింది. నవ్వుతూనే చున్నీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అయితే ఆశీర్వదించిండన్న మాట నిజమేనా?"

"ఏం ఆశీర్వాదం చాచా, గా ఆటనే అబ్బాను రోజు గెంటేస్తుండె. అజాన్ రాంగనె గోడ దిక్కు తిరుగుతుండె గద. ఎవడో ఒకడు ఎన్కకెళ్లి కాలుస్తుండె. ఎవ్వలు కాల్వకపోతె, కదుల్తలేడని ఆటనే బైటికి పంపుతుండె. 'గాళ్లకు ఎరుక లేదు బేటా, సూసి సూసి నేర్సుకుంటరు' అనుకుంట మల్ల లోపటికి పోతుండె."

"నేర్చుకున్నరా?"

"ఏడ నేర్సుకున్నరు?"

ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె అడగలేదు, నేనే వెళ్లి కూర్చున్నాను. కొత్త ఆట తెరిచి పెట్టింది. నా అభిప్రాయంలో మార్పేమీ లేదని ఇక్కడే చెప్పాలి. పరుగులు, జారుళ్లు, ఊదారంగు గోడలు. ఎదుటి జట్టులో ఒకడు కుందేలు చెవుల వేషం వేసుకున్నాడు. నేను తల ఎత్తిన ప్రతిసారీ జారుకుంటూ వచ్చి చంపిపోతున్నాడు. వాడి పేరు చోట అక్షరాలూ అంకెలూ కలగలిసి ఉన్నాయి. ఏ ఊరివాడో, ఏ దేశంవాడో.

పొద్దు వాలే వేళ అసర్ నమాజుకు అజాన్ మొదలైంది. భాయ్ బిడ్డ లేచి స్పీకర్ తగ్గించి, తల మీదికి చున్నీ లాక్కుంది. నేను దగ్గర్లో ఉన్న గోడ వైపు తిరిగి, తుపాకీ దించి, మౌస్ మీది నుంచి చెయ్యి తీశాను.

వెనక అడుగులు వినబడ్డాయి. ఆ చప్పుడు ఒక్కటే పాత ఆటలోది పాతగా ఉంచారు. దగ్గరికి వచ్చి, నా వీపు వెనకే ఆగాయి. తుపాకీ మోత కోసం ఎదురుచూశాను. రాలేదు. తెర అంచున, నా పక్కనే, కుందేలు చెవులు కనబడ్డాయి. గోడ వైపే ఉన్నాయి.

"ఎవరు చాచా?" అని గుసగుసగా అడిగింది.

"వానికి నెట్ ఆగినట్టున్నది" అన్నాను.

ఇప్పటికీ నా అనుమానం అదే. కోరుట్ల మసీదు అజాన్ వాడికి వినబడే వీలు లేదు. వాడు చూసింది గోడ వైపు తిరిగిన ఒక వీపును మాత్రమే.

కదలకపోతే బయటికి పంపుతామని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. నేను కదలలేదు. చెవులూ కదలలేదు.