పైపులాయన మెడలో దండ

ఆ రోజుల్లో నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఈ మాట వింటే జాలిపడేవాళ్ళు జాలిపడతారు గానీ, మేం మొదట కాపురం పెట్టిన కౌంటీలో, అంటే మన జిల్లాలాంటి దాంట్లో, దానివల్ల నాకు పెద్ద లోటేమీ జరగలేదు. అమెరికా నడిమధ్యన మొక్కజొన్నా, సోయా తప్ప మరొకటి కంటికి ఆనని చదునైన నేల అది. ఎవరో దేవుడి పక్కన కూర్చుని స్కేలు పెట్టి గీసినట్టుండేది. ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు ఉన్న చదరాలు, వాటిని టౌన్‌షిప్పులంటారు. ఒక్కో చదరంలో మళ్ళీ మైలుకొక రోడ్డు. తూర్పు పడమరల రోడ్లకు నంబర్లు, ఉత్తర దక్షిణాల రోడ్లకు చెట్ల పేర్లు. నంబర్లు చదవగలను కాబట్టి అవి నావి. చెట్ల పేర్లు చదవలేను కాబట్టి ఆ రోడ్లు అసలు లేనట్టే లెక్క. ఇక జనం సంగతంటారా, కౌంటీలో ఉన్న మనుషులందర్నీ తెచ్చి మా ఒంగోలు వైపు తిరునాళ్ళలో వదిలితే సాయంత్రానికి ఒకరికొకరు దొరకరు. పందులు మాత్రం మనుషులకంటే చాలా ఎక్కువ. (వాటికి ఓటు లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే అక్కడ మనుషుల మాట ఎవడు వింటాడు?)

మా బావ నాకు మేనత్త కొడుకు. పెళ్ళయ్యాక కూడా నేను బావా అనే పిలిచాను, ఇప్పటికీ అంతే. కౌంటీ ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం దొరికి నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు. అద్దె తక్కువని ఊరికి దూరంగా పొలాల మధ్య ఒక పాత చెక్క ఇల్లు తీసుకున్నాం. చుట్టుపక్కల పిలిస్తే పలికే మనిషి లేడు. పిల్లా జెల్లా లేరు, బావకు ఎక్కువగా రాత్రి డ్యూటీలు. గోడలతో మాట్లాడీ మాట్లాడీ విసుగొచ్చి, ఊళ్ళో బడి వంటింట్లో పనికి చేరాను. చిన్నప్పుడు పొగాకు గ్రేడింగు కొట్టాల్లో పనిచేసినప్పుడు కూలి మా నాన్న చేతికి ఇచ్చేవారు. ఇక్కడ నా పేరు రాసిన బిళ్ళ నా జాకెట్టుకు తగిలించి, ఇది నీ పని అన్నారు. నా పేరు నేను చదువుకోలేకపోయినా, ఆ బిళ్ళను రోజూ చీర కొంగుతో తుడిచేదాన్ని. ఆ పని పోతుందంటే నాకు ప్రాణం పోయినంత పని.

అది పోయేంత పని అయిన రోజు రానే వచ్చింది. మా ఇంటి ముందు రోడ్డు కంకర రోడ్డే. దాని మీద వెళ్ళి, మొదటి మూలమీద తిరిగితే ఒక మైలు పొడవునా మట్టిరోడ్డు, ఆపైన ఊళ్ళోకి పోయే తారురోడ్డు. బావ నాకు ఆ ఒక్క దారే నేర్పాడు. కారు నడపడం నేను ఇట్టే పట్టేశాను. లైసెన్సు పరీక్ష కూడా నోటితోనే అడిగారు, రోడ్డు గుర్తులు ఆకారాన్నీ రంగునీ బట్టి చెప్పేశాను. చలికాలమంతా మట్టిరోడ్డు గడ్డకట్టి సిమెంటులా ఉంది. మార్చి వచ్చి మంచు కరిగాక చూడాలి! ఉడికీ ఉడకని సంకటిలా అయిపోయింది. కారు దిగబడటం, నేను దిగి బురదలో మోకాళ్ళదాకా కూరుకుపోవడం, ఎవడో ట్రాక్టరు వాడు వచ్చి లాగడం. ఇలా రెండుసార్లు బడికి ఆలస్యంగా పోయాను. వంటింటి పెద్దావిడ (నేను మనసులో పెద్దగరిటె అని పేరు పెట్టుకున్నాను) మంచిదే గానీ నిక్కచ్చి మనిషి. నా బురద చెప్పుల వంక చూసి, "పిల్లలు అన్నానికి ఆగరమ్మా. ఇంకోసారి ఇలా అయితే నేను వేరే మనిషిని చూసుకోవాలి" అంది. ఆవిడ ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది నాకు. ఆ రోజు మాత్రం మొత్తం అర్థమైంది.

ఇంటికొచ్చి ఏడుస్తూ కూర్చుంటే బావ నిద్రకళ్ళతో లేచాడు. "దానికెందుకే ఏడుపు? ప్రభుత్వం ఉన్నదెందుకు? రోడ్డు వేయించుకుందాం" అన్నాడు. కౌంటీని ఏలడానికి ముగ్గురు సూపర్‌వైజర్లుంటారనీ, జనమే ఎన్నుకుంటారనీ, మంగళవారం పొద్దున కోర్టుహౌసులో, అంటే కౌంటీ కచేరీలో, వాళ్ళ సమావేశమనీ, ఎవరైనా వెళ్ళి మాట్లాడవచ్చనీ ఆసుపత్రిలో కనుక్కొచ్చాడు. మా వైపు రోడ్లు చూసే సూపర్‌వైజరు పేరు కూడా తెలుసుకున్నాడు. అతన్ని మేమిద్దరం ఎప్పుడూ చూసింది లేదు.

"వట్టి చేతులతో పోతామా?" అన్నాను నేను. ఈ తెలివి పూర్తిగా నాదే, బావ మీదికి తోయను. గెలిచిన నాయకుడి దగ్గరికి పనిమీద పోయేటప్పుడు ఒక దండ, ఒక శాలువా, ఒక నిమ్మకాయ లేకుండా పోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. శాలువా మా పెళ్ళిలో పెట్టింది ఉంది. నిమ్మకాయ కొట్లో దొరికింది. దండ దగ్గరే వచ్చింది చిక్కు. ఆ చలిలో పువ్వులెక్కడివి? ఊరి మొత్తానికి ఒక్కటే పూలకొట్టు. గుండ్రంగా, మెడలో పట్టేలా దండ కావాలని బావ చేతులతో చూపించాడు. కొట్టావిడ ముఖం చిన్నబుచ్చుకుని "ఎవరి కోసం?" అంది. బావ సూపర్‌వైజరు పేరు చెప్పాడు. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని, కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, ఎప్పుడూ, ఎక్కడా అని అడిగింది. మంగళవారం, కోర్టుహౌసులో అన్నాడు బావ. "అంత సేవ చేసిన మనిషికి అక్కడే సబబు" అని కళ్ళు తుడుచుకుంది. "చూశావా, మనవాడికి ఎంత పేరుందో!" అన్నాడు బావ బయటికొచ్చాక. నేనూ మురిసిపోయాను. గుండ్రటి పూలదండ అక్కడ దేనికి వాడతారో మాకేం తెలుసు?

మంగళవారం నేను పట్టుచీర మీద కోటు వేసుకున్నాను. ఆ కోటు బావది. బావ పెళ్ళి సూటు తొడిగాడు. కోర్టుహౌసు మేడ పెద్దదే గానీ, లోపల సమావేశపు గది చూసి నాకు దిగులేసింది. మైకు లేదు, పోలీసు లేడు, జనం లేరు. ఒక బల్ల, ఒక కాఫీ ఫ్లాస్కు, ఎవరి ఇంట్లోనో చేసి తెచ్చిన తీపి ముక్కలు. మూలన ఊరి పత్రికావిడ కెమెరా పెట్టుకుని అల్లిక అల్లుకుంటోంది. బల్ల దగ్గర ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు విత్తనాల కంపెనీ టోపీలు, బురద బూట్లు వేసుకుని ఉన్నారు. మూడో ఆయన మాత్రం బూడిదరంగు సూటు, ఎర్ర టై, నున్నగా దువ్విన తల, ముందర బొమ్మల కాగితాలు.

"అదిగో, సూటాయనే మనవాడు. నాయకుడి కళ చూడు" అన్నాడు బావ నా చెవిలో.

"మరి ఆ టోపీలవాళ్ళో?"

"అర్జీలు పట్టుకొచ్చిన రైతులై ఉంటారు. పాపం, పొద్దున్నుంచీ కూర్చున్నట్టున్నారు. నువ్వు పద ముందు."

నేను పదకుండా ఉంటానా? సరాసరి వెళ్ళి సూటాయన మెడలో దండ వేశాను. ఆయన లేచి నిలబడ్డాడు. శాలువా కప్పాను. నిమ్మకాయ చేతిలో పెట్టి రెండు చేతులూ జోడించాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ ముఖంలో సంతోషం దాగలేదు. బావ గొంతు సవరించుకుని ఇంగ్లీషులో అందుకున్నాడు: మా ప్రాంతానికి వెలుగు, పేదల పెన్నిధి, రోడ్లకు తండ్రి లాంటివారు, ఇంకా ఏమేమో. టోపీలవాళ్ళిద్దరూ కాఫీ తాగడం మర్చిపోయి చూస్తున్నారు. పత్రికావిడ అల్లిక పక్కన పడేసి ఫొటో తీసింది. బావ ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు సూటాయన నెమ్మదిగా, "చాలా సంతోషమండీ. నా జన్మలో నన్నెవరూ ఇలా గౌరవించలేదు. కానీ నేను రోడ్ల కింద నీళ్ళు పోవడానికి వేసే పైపులు అమ్ముకునేవాణ్ణి" అన్నాడు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఎర్రటోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి, చంకలో మూతపెట్టిన గాజుగిన్నెతో, రొప్పుతూ లోపలికొచ్చాడు. "నేను పోయానని ఎవరు చెప్పారు?" అని కేకవేశాడు. "పందులకు మేత వేస్తుంటే ముగ్గురాడవాళ్ళు వండిన గిన్నెలు పట్టుకుని మా ఇంటికొచ్చారు! మా ఆవిడకు సానుభూతి చెప్పడానికి! నేనే తలుపు తీస్తే ఒకావిడ గిన్నె జారవిడిచింది!" అంటూ కుర్చీకోసం చూసి, తన కుర్చీ ముందర చావుపూల దండ వేసుకుని నిలబడ్డ పైపులాయన్ని చూసి నోరు తెరిచాడు. మా సూపర్‌వైజరు ఆయనే. పూలకొట్టావిడ నోటి నుంచి కబురు ఊరంతా పాకింది, చచ్చిపోలేదని అందరికీ నచ్చచెప్పి వచ్చేసరికి ఆయనకు ఆలస్యమైంది. ఆ టోపీలవాళ్ళిద్దరే మిగిలిన సూపర్‌వైజర్లు. (మా మనవరాలు ఇక్కడిదాకా విని, "అమ్మమ్మా, సీరియస్‌గా? నువ్వు వెంటనే రన్ చేయలేదా?" అంది. చీరా, కోటూ, చలీ. ఎక్కడికి రన్ చేస్తాను?)

ఎర్రటోపీ కూర్చుని, నవ్వు ఆపుకోవడానికి రెండు గుక్కలు కాఫీ తాగి, సంగతేమిటని అడిగాడు. బావ చెప్పాడు. ఆయన గోడమీది పటం దగ్గరికి పిలిచి, మా ఇంటినీ, మట్టిరోడ్డునీ వేలితో చూపించాడు. "అమ్మా, అది బి తరగతి రోడ్డు. కౌంటీ దాన్ని ముట్టుకోదు. రాయి వేయం, మంచు తీయం. మొదట్లోనే పసుపు బోర్డు పెట్టాం. చూడలేదా?"

"రోజూ చూస్తున్నా" అన్నాను.

"ఏముంది దానిమీద?"

పరీక్షలో ఆ ఆకారం బోర్డు రాలేదు. "నెమ్మదిగా పొమ్మని" అన్నాను ధైర్యంగా. ఎర్రటోపీ నావంక చూశాడు, తర్వాత బావ వంక చూశాడు. బావ నేలచూపులు చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అందరి ముందే తెలుగులో అందుకున్నాను.

"బావా, ఏముందా బోర్డు మీద?"

"ఏదోలేవే... ఇక్కడ మరమ్మతులు చేయం, మీ సొంత పూచీ మీద పొండి అని."

"నీకు తెలుసా?"

"మనూళ్ళో ఏ రోడ్డు మీదైనా సొంత పూచీ మీదేగా పోయేది! దానికి ప్రత్యేకంగా బోర్డెందుకులే అని పట్టించుకోలా."

"ఇంటికి పద, నీ పూచీ చూస్తా."

పత్రికావిడ పెన్సిలు తీసి, ఏమంటోందని అడిగింది. "కౌంటీకి ధన్యవాదాలు చెబుతోంది" అన్నాడు బావ. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చని మర్చిపోయాడు.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. రోడ్డు రాదు, పని ఉండదు. అప్పుడు ఎర్రటోపీ పటం మీద వేలు ఇంకొంచెం పక్కకు జరిపాడు. "మీరు ఈ మూలమీద తిరుగుతున్నారు. తిరక్కండి. తిన్నగా ఇంకొక్క మైలు పోయి తిరగండి. అది మంచి కంకర రోడ్డు" అన్నాడు.

మైలుకొక రోడ్డున్న కౌంటీ అది. నేను ఏ రోడ్డు కోసం శాలువా, నిమ్మకాయ మోసుకుని వచ్చానో, దాని అక్కచెల్లెళ్ళు మైలుకొకటి చొప్పున వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదాని ముఖం కూడా నేను చూడలేదు.

"నేను పొద్దున ఆ దారినే వచ్చాను. చాలా బాగుంది" అన్నాడు పైపులాయన, దండ సర్దుకుంటూ.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ కొత్త దారిది కూడా చెట్టుపేరే కదా, మూల ఎలా పట్టుకోను? ఎవర్ని అడగను? గుమ్మం దాటుతుంటే ఎర్రటోపీ వెనకే వచ్చాడు. నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటా విడదీసి, "ఆ మూలన నీలం సైలో ఉంటుంది. గొడ్ల మేత దాచే గాదె, ఇంత ఎత్తున. దాని దగ్గర ఎడమకు తిరుగు" అన్నాడు. నా ముఖం చూసి, గొంతు తగ్గించి, "పేరు మాకూ సరిగ్గా గుర్తుండదు. మేమంతా నీలం సైలో రోడ్డనే అంటాం" అన్నాడు. ఆ మాట అబద్ధమని నాకు పదేళ్ళ తర్వాత, నలభై దగ్గర పడ్డాక ఊరి లైబ్రరీలో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నప్పుడు తెలిసింది. అక్కడ పుట్టినవాళ్ళకు చెట్ల పేర్లన్నీ నిద్రలో కూడా వచ్చు. (తెలుగు అక్షరాలు యాభై దాటాక బావ నేర్పాడు. పసుపు బోర్డు బాకీ అలా తీర్చుకున్నాడు.)

మర్నాడు చీకటితోనే బయల్దేరాను. పాత మూల దాటి ముందుకు పోయాను. అంతవరకూ నేను ఆ మూల దాటి ఎరగను. అటుపక్క భూమి అయిపోతుందేమో అన్నట్టు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. నీలం సైలో కనపడింది. ఎడమకు తిరిగాను. టైర్ల కింద కంకర కరకరలాడింది. అంత కమ్మటి చప్పుడు అప్పటిదాకా వినలేదు. బడి దగ్గరికి వెళ్ళేసరికి తలుపులు కూడా తీయలేదు. కారులోనే కూర్చున్నాను. చాలాసేపటికి పెద్దగరిటె వచ్చి, తాళం తీయబోతూ నన్ను చూసి, కిటికీ అద్దం మీద కొట్టింది.

"ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడే" అన్నాను.

ఆవిడ కారు అద్దాలమీద పట్టిన ఆవిరి వంక, శుభ్రంగా ఉన్న నా చెప్పుల వంక చూసింది. "సరే, రా. ఉల్లిపాయలు నీవే" అంది. ఆ ఏటి ఉల్లిపాయలన్నీ నేనే తరిగాను, ఆ తర్వాత చాలా ఏళ్ళవీ.

ఇప్పుడు ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ వీధులు మెలికలు తిరిగి మొదలైన చోటికే వస్తాయి. ఫోను ఎటు తిరగమంటే అటు తిరుగుతారు. పొద్దున్నే నిద్ర పట్టనప్పుడు నాకు ఆ కారే గుర్తొస్తుంది. తాళం వేసిన బడిముందు, మొగుడి కోటు వేసుకుని, ఒక మైలు కొత్తగా తెలిసినందుకు ప్రపంచమంతా తెలిసిపోయినట్టు మురిసిపోతున్న ఆ వెర్రిపిల్ల. తలుపు తెరిచేదాకా ఆ పిల్ల పక్కసీట్లో కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. బుద్ధులేం చెప్పను. చెప్పినా వినే రకం కాదది.