ఉప్పు పడని గుమ్మడి పాస్తా

ఇటు నా పక్కకు జరిగి కూర్చోండి. ఒక ఆదివారం సంగతి చెబుతాను, వినండి.

కరోనా వచ్చిన ఏడు, దసరా దాటింది. మేముండే సూరత్‌లో మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. సోమవారం నుంచి డ్యూటీకి రమ్మని మా ఆయనకు జోల్వాలో ఆయన పనిచేసే మగ్గాల కార్ఖానా నుంచి ఫోన్ వచ్చింది. ఆదివారం పొద్దున ఆయన రెండుసార్లు దగ్గాడు. "దారం దుమ్ము" అన్నాడు. నెలల తరబడి ఇంట్లోనే ఉన్న మనిషికి దారం దుమ్ము ఎక్కడిది? పైకి అడగలేదు గానీ గుబులు పట్టుకుంది.

ఆరోజే మా అమ్మాయి ఫోన్‌లో చూసి, కూర నింపిన పాస్తా చేద్దామని కూర్చుంది. మైదాలో చెంచా నూనె వేసి గట్టిగా తడిపి, తడిగుడ్డ కప్పాం. గుమ్మడికాయ ఉడికించి, నీరు ఇగిరేదాకా వేయించి, లేత మెంతికూర, వెల్లుల్లి కలిపాను. పిండిని పల్చగా ఒత్తి, గిన్నె అంచుతో గుండ్రంగా కోసి, కూర పెట్టి మడిచి అంచులు నొక్కాం.

"ఇవి గరిజెలే గదనే!" అని నూనె మూకుడు పొయ్యి మీద పెట్టాను.

"గరిజెలైతే నూనెల ఏస్తరు. ఇవి మరిగే నీళ్లల్ల ఎయ్యాలె. జర మూకుడు దించమ్మా!"

నా చేతులు అంచులు నొక్కుతున్నా, చెవులు మాత్రం లోపలి గదిలో దగ్గు మీదే ఉన్నాయి.

నీళ్లలో పైకి తేలినవాటిని తీసి, వెన్నలో పొర్లించి, ముందుగా ఆయనకే పెట్టాం. నాలుగు తిన్నాడు.

"మస్తున్నయ్ బిడ్డా. ఉప్పూ కారం మంచిగ పడ్డయ్."

నేనూ ఒకటి కొరికాను. చప్పిడి. అమ్మాయి వేసిందనుకుని నేను, నేను వేశాననుకుని అమ్మాయి, ఇద్దరం ఉప్పు మరిచాం. కారమైతే అసలు వేయనే లేదు. పప్పులో రవ్వంత ఉప్పు తగ్గితే కంచం జరిపేసే మనిషి ఆయన! ఆయన కంచం ముందు కూర్చుని అడిగాను.

"ఎన్ని దినాలాయె?"

"ఏంది?"

"నోటికి రుచి తెల్వక."

ఆయన కంచంలోకి చూశాడు. "మొన్నటి సంది. చెప్తే నువ్వు పోనియ్యవని..."

"పోనియ్య. గా మగ్గాల నడుమ ఎంతమంది ఉంటరు? ఆళ్లిండ్లల్ల పిల్లల్లేరా?"

ఆయన చెప్పులు తీసి బియ్యం డబ్బా వెనక దాచాను.

ఆ రోజు నుంచి ఆయన లోపలి గదిలోనే ఉన్నాడు. మేమూ ఇల్లు దాటి బయటికి పోలేదు. కంచం తలుపు దగ్గర పెట్టి, నమిలే చప్పుడు వినిపించేదాకా అక్కడే నిలబడేదాన్ని. పదకొండో రోజు లోపలి నుంచి కేక:

"ఏమే, చారుల గింత ఉప్పేసినవేంది? సముద్రం డుమస్‌ల ఉన్నదా, మనింట్ల ఉన్నదా?"

ఆ గది గడప మీదే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. ఉప్పు తక్కువైందనో ఎక్కువైందనో మీ ఇంట్లో రోజూ ఎవరో ఒకరు సణుగుతూనే ఉండాలి.