ద్రాక్షతోటలో పడ్డ కేక

మా బావ పాట అందుకున్నాడంటే చిన్నప్పటినుంచీ ఏదో ఒక పని కల్పించుకుని లేచిపోవడం నాకు అలవాటు. అలాంటిది ఒక ఆదివారం పొద్దున్నే అతని పాటలు వినడానికే శామీర్‌పేట వైపు బయలుదేరాను. అందుకు సగం కారణం అక్క కట్టిచ్చిన పులిహోర, మిగతా సగం ప్రభాకర్ గారు.

ప్రభాకర్ గారు బావ బ్యాండులో డ్రమ్స్ వాయించేవారు. ఇద్దరూ సికింద్రాబాదులో కాలేజీ రోజుల్లో మొదలుపెట్టిన రాక్ బ్యాండు అది. పాతికేళ్ళు క్లబ్బుల్లో, క్రిస్మస్ డాన్సుల్లో ఇతరుల ఇంగ్లీషు పాటలు వాయించి, జుట్టు నెరిశాక సొంతంగా తెలుగు పాటలతో ఒక ఆల్బమ్ చెయ్యాలని బుద్ధి పుట్టింది. నగరంలో స్టూడియోల అద్దె అందలేదు. యాదిరెడ్డి అనే రైతు తన తోటలో ద్రాక్షపళ్ళు సర్దే షెడ్డు ఇచ్చాడు. బయటి చప్పుడు తగ్గాలని గోడలకి గుడ్ల అట్టలు కొట్టి అక్కడే రికార్డింగు కానిచ్చారు. చివరి పాట పూర్తయిన కొద్దిరోజులకే ప్రభాకర్ గారి కుడిచెయ్యి పడిపోయింది.

పేచీ సరిగ్గా ఆ పాటతోనే వచ్చింది. అందులో అన్నీ ఆగి డ్రమ్స్ మాత్రమే మెల్లగా మోగేచోట, బయటినుంచి “కరెంటొచ్చింది!” అని ఎవరిదో కేక పడింది. విన్నవాళ్ళంతా పెదవి విరిచారు. పాట తీసెయ్యండి, లేదా వేరే డ్రమ్మరుతో మళ్ళీ చెయ్యండి అంది కాసెట్ల కంపెనీ. బావకి రెండూ ఇష్టం లేవు. సోమవారం జవాబు చెప్పాలి. కాసెట్టు బయటికి రాకముందే తోటలోవాళ్ళకి వినిపిస్తానని మాటిచ్చాడు గనక ఈ ఆదివారం ప్రయాణం.

తోట మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య ఉంది. తొందరున్నవాళ్ళు బస్సెక్కండి. ప్రభాకర్ గారికి కుదుపులు పడవని మేం మేడ్చల్ ప్యాసింజర్ ఎక్కాం. ఎనిమిదింటి బండి ఎనిమిదిన్నరకి కదిలింది, పెట్టెలో ఫ్యాన్లు మాత్రం కదల్లేదు. ఎదురుగా కూర్చున్న గంపలావిడ బావ ఒళ్ళోని టేప్‌రికార్డరు చూసి, “పెండ్లికా సారూ?” అంది.

“కాదమ్మా, మా పాటలే. ఊరికే వినిపిద్దామని.”

“ఊకెనే ఎవలింటరు?” అందావిడ. ఈ ముక్క నేనెప్పటినుంచో అడగాలనుకుంటున్నదే. బావ కిటికీలోంచి బయటికి చూశాడు.

బొల్లారం దాటాక ప్రభాకర్ గారు నోరు విప్పారు. “ఒక్క పాట కోసం ఆల్బమంతా ఆపుకుంటావా? తీసెయ్యరా. నేనేమీ అనుకోను.” అనుకుంటారని ఆయన మొహమే చెబుతోంది. నాకు బాధేసింది.

మేడ్చల్లో దిగి, స్టేషను బయట మిరపకాయ బజ్జీలు, టీ అయ్యాక ఆటో మాట్లాడుకున్నాం. బజ్జీలు బాగుంటాయి, టీ సంగతి అడక్కండి. దారికి ఒకపక్క ద్రాక్ష పందిళ్ళు, ఇంకోపక్క ప్లాట్లకి పాతిన తెల్ల రాళ్ళు. పదింటికి తోట చేరాం.

“రారి, జల్దీ రారి! ఎండల వడొచ్చిండ్రు, సల్ల తాగుండ్రి” అంటూ యాదిరెడ్డి ఎదురొచ్చాడు. వాళ్ళ పని తీరు నాకప్పుడే తెలిసింది. షెడ్డు లైను వేరు, బోరు మోటారుకి మాత్రం కరెంటు వంతులవారీగా వస్తుంది. మోటారు కొట్టంలో బల్బు, వాళ్ళ మాటల్లో బుగ్గ, వెలగడం ముందుగా చూసినవాళ్ళు కేకెయ్యాలి, మిగతావాళ్ళు ఎక్కడివక్కడ వదిలేసి నీళ్ళు మళ్ళించే మడవల దగ్గరికి పరుగెత్తాలి. మోటారు హోరు మైకులో పడుతుందని బ్యాండువాళ్ళు అది ఆగినప్పుడే పాడేవారు. ఆ చివరి పాటరోజు కరెంటు వేళకాని వేళ వచ్చింది. కేకేసింది యాదిరెడ్డే.

“మోటరాగితె వీళ్ళ పాట, మోటరు దిరిగితె వీళ్ళ చాయ్. గట్ల నడిపినం” అన్నాడతను.

షెడ్డు ముందు పందిరి నీడలో కూలీలు కూర్చున్నారు. యాదిరెడ్డి వాళ్ళమ్మ స్తంభానికి ఆనుకుంది. పాట తర్వాత పాట నడిచింది. “మంచిగున్నయ్” అన్నారు మర్యాదకి. అవ్వ కునుకు తీసింది. బావ మొహం వాడిపోయింది. చివరి పాట మొదలయ్యేసరికి ప్రభాకర్ గారు తల వంచుకుని ఒళ్ళోని కుడిచేతిని చూసుకుంటున్నారు. అన్నీ ఆగాయి. డ్రమ్స్ ఒక్కటే మోగుతోంది.

“కరెంటొచ్చింది!”

యాదిరెడ్డి చేతిలో మజ్జిగ గ్లాసు కిందపడింది. మోటారు కొట్టంవైపు ఒకటే పరుగు. కూలీలు పారలందుకున్నారు. అవ్వ కళ్ళు తెరవకముందే, “లెవ్వుండ్రి, మడవలు సూడుండ్రి!” అని కేకలు మొదలెట్టింది. క్షణంలో పందిరికింద మేమూ టేప్‌రికార్డరూ మిగిలాం.

కొట్టంలోంచి యాదిరెడ్డి గొంతు వినబడింది. “ఏందిరా, బుగ్గ ఎలుగుతలేదు!”

ఆ తర్వాత తోటంతా నవ్వులే. “నా గొంతుకు నేనే మోసవోయిన గదనే!” అంటూ అతను రొప్పుతూ వచ్చాడు. “అన్నా, మళ్ల వెట్టు!”

మళ్ళీ పెట్టాం. తెలిసి కూడా సగంమంది లేవబోయారు. ప్రభాకర్ గారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. అవ్వ ఆయన దగ్గరికి జరిగి, “గిది నువ్వే గొట్టినవా బిడ్డా? గిన్ని పాటలల్ల గిదొక్కటే మా తోటది” అంది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, వంకాయకూర, పక్కన మా పులిహోర. పులిహోరకి గిరాకీ లేదని అక్కకి నేను చెప్పలేదు. ఐదింటికి మేడ్చల్లో తిరుగుబండి ఎక్కాం, దాన్లోనూ ఫ్యాన్లు తిరగడం లేదు. యాదిరెడ్డి ఇచ్చిన ద్రాక్షపళ్ళ అట్టపెట్టె నా ఒళ్ళో ఉంది.

“ఆ పాట ఉంచరా” అన్నారు ప్రభాకర్ గారు ఉన్నట్టుండి. “నేను మళ్ళీ అలా వాయించలేను. అతనూ మళ్ళీ అలా అరవలేడు.”

“కంపెనీ ఒప్పుకోకపోతే?” అన్నాను.

“ఇంకో కంపెనీ” అన్నాడు బావ. “కవరు మీద వేద్దాం. డ్రమ్స్, ప్రభాకర్. కేక, యాదిరెడ్డి.”

ఆ ఇంకో కంపెనీ దొరకడానికి ఏడాది పట్టింది. కాసెట్టు గొప్పగా అమ్ముడుపోలేదు గానీ, తర్వాతెప్పుడో మేడ్చల్ టీకొట్టులో ఆ పాట వినబడితే నేను ఆ టీ రెండోసారి కూడా తాగాను.

ఆ సాయంత్రం బండి బొల్లారం దగ్గరికొస్తుంటే బావ ఆ పాటే అందుకున్నాడు. నేను లేవలేదు. డ్రమ్స్ చోటు రాగానే అతను ఆగాడు. ప్రభాకర్ గారి ఎడమచెయ్యి కిటికీ చెక్కమీద మెల్లగా దరువేసింది. ఇక ఉండబట్టలేక నేను గొంతెత్తి అరిచాను, “కరెంటొచ్చింది!”

పెట్టెలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి తలెత్తి ఫ్యాన్లకేసి చూశారు.