ఆ నోటీసు నాకే వచ్చింది

ఆరేళ్లు మోశాను దీన్ని. ఇంట్లో చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలికనుకున్నాను. తేలికేం కాదు. మూడుసార్లు మొదలుపెట్టి, ప్రతిసారీ నన్ను కొంచెం మంచివాణ్ణి చేసుకుంటూ రాస్తున్నానని తెలిసి కొట్టేశాను. ఈసారి కొట్టెయ్యను.

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ పైన ఒక్క గదిలో మొదలుపెట్టాను. కింద పాఠాలు చెప్పే మైకు మోత, పైన మేము. మేము అంటే నేనూ, ఆఫీసు పని చూసే సుగుణ గారూ. ఆమె ఎర్రగడ్డ నుంచి వచ్చేవారు. ఆదివారం చర్చికి తప్పితే సెలవన్నది ఎరగరు. ఏ క్లయింటుకు ఏ గడువో అంతా ఆమె నోటికి ఉండేది. ఆ ఆఫీసులో తారీఖు తప్పదన్న పేరు నాకు వచ్చిందంటే, అది ఆమె తెచ్చిపెట్టినదే.

మా వృత్తిలో ఒక అలవాటుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో క్లయింటు ఫోన్ నంబరు, మెయిలు ఇవ్వాలి. చాలామందిమి మావే ఇచ్చేస్తాం. ఓటీపీ కోసం ప్రతిసారీ వాళ్లను బతిమాలడం ఎందుకని. దాంతో ప్రభుత్వం వాళ్లకు పంపేవన్నీ మాకే వస్తాయి. మేం చెబితేనే వాళ్లకు తెలుస్తుంది. మా ఆఫీసులో అందరికీ నా మెయిలే ఇచ్చేవాళ్లం.

సత్తయ్య గారు మా పాత క్లయింటు. సిరిసిల్ల నేత కుటుంబం. ఇక్కడ బడిపిల్లల యూనిఫాంలు కుట్టించేవారు. ఒక వేసవిలో ఆయన పేరున జీఎస్టీ నోటీసు నా మెయిలుకు వచ్చింది. వారంలో జవాబివ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. చూడలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను గాని, చూశాను. పంజాగుట్టలో కొత్త ఆఫీసు తయారవుతోంది. నా క్యాబిన్ అద్దం ఎంత ఎత్తుండాలో కార్పెంటర్‌తో మాట్లాడుతూ ఫోన్లో చూశాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. తర్వాత మరిచిపోయాను. రిజిస్ట్రేషన్ పోయింది. బడులు తెరిచే నెలలో ఆయన ఒక్క జీఎస్టీ బిల్లూ ఇవ్వలేకపోయారు. ఆర్డర్లన్నీ వేరేవాళ్లకు వెళ్లిపోయాయి.

ఆయన నా కొత్త క్యాబిన్‌కు వచ్చారు. కోపంగా వచ్చి ఉంటే బాగుండేది.

"గిదేంది సార్, నాకొక్క మాట చెప్పకపోతిరి. నేనే ఉరికొచ్చేటోణ్ణి గదా" అన్నారు.

నేను సుగుణ గారిని పిలిచి, ఆయన ముందే అడిగాను.

"సత్తన్న నోటీసు చూస్కోలేదా మేడం?"

"నాకు రాలేదు సార్."

"వచ్చింది. నేనే పంపిన. మీరే మర్చిపోయిండ్రు."

ఆమె నా ముఖంలోకి చూశారు. తర్వాత ఆయన వైపు తిరిగి, "మాఫ్ చెయ్యన్నా" అన్నారు. అంతే.

ఆడలేక మద్దెల ఓడు అన్నవాడు నాకంటే నయం. మద్దెలకు పోయే పరువేం లేదు.

నెలాఖరుకు ఆమె మానేశారు. నేను ఆపలేదు. పైగా హాయిగా అనిపించింది. ఈ మాట రాయకపోతే ఈ కాగితం కూడా కొట్టెయ్యాల్సిందే. కొన్నాళ్లకు బేగంపేటలో ఒక ఆఫీసువాళ్లు ఆమె పనితీరు ఎలాంటిదని నాకు ఫోన్ చేశారు. మనిషి మంచిదే గాని తారీఖుల దగ్గర జర చూసుకోండన్నాను. ఎందుకన్నాను? మొదటిది భయంతో ఆడిన అబద్ధం. మరి ఇది? అక్కడ నన్నెవరూ నిలదీయలేదే. మొదటి అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికా, లేక అప్పటికే నా మాటను నేనే నమ్మడం మొదలుపెట్టానా? ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు.

నేను మాత్రం పెరిగాను. ఒక్క గది రెండంతస్తులైంది. పార్ట్‌నర్ వచ్చాడు, గడువులు గుర్తుచేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు ఒక కథ చెప్పేవాణ్ణి. ఒక మేడం ఒక్క నోటీసు మరిచిపోతే ఒక మనిషి వ్యాపారం ఎలా దెబ్బతిన్నదో. అవును, ఆ కథే. సిగ్గు లేకుండా ఆరేళ్లు చెప్పాను.

పోయిన నెల ఆ కథ విని, కొత్తగా చేరిన ఒకమ్మాయి అంది: "అమీర్‌పేట కోచింగ్‌ల మాకు జీఎస్టీ చెప్పిన మేడం వేరే చెప్పిండ్రు సార్. రిజిస్ట్రేషన్ల మన మెయిల్ ఇయ్యొద్దు, క్లయింటుదే ఇయ్యాలె అంటరు. లేకుంటే తప్పు మనది, నష్టం ఆయనది అంటరు."

ఏ మేడం అని అడిగాను. సుగుణ మేడం అంది.

తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాను. సత్తయ్య గారి రిజిస్ట్రేషన్ ఫారంలో నా మెయిలు టైపు చేసింది సుగుణ గారే. నోటీసు ఎవరికి వస్తుందో, నేనేది పంపానో, ఏది పంపలేదో ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ రోజు క్యాబిన్‌లో అన్నీ తెలిసే మాఫీ అడిగారు. ఎందుకు అడిగారో నేను ఊహించను. ఊహిస్తే మళ్లీ నాకు అనుకూలంగానే ఊహించుకుంటాను.

ఈసారి రేపు అనుకోలేదు. అప్పుడే స్టాఫందరినీ కూర్చోబెట్టి అదే కథ మళ్లీ చెప్పాను, ఉన్నది ఉన్నట్టు. ప్రతి క్లయింటు రిజిస్ట్రేషన్‌లో వాళ్ల మెయిలే పెట్టిస్తున్నాం. పని రెట్టింపవుతుందని పార్ట్‌నర్ తల పట్టుకున్నాడు. కానియ్యమన్నాను. సత్తయ్య గారి దగ్గరకు వెళ్లి చెప్పాను. ఆయన కుర్చీ చూపించలేదు. నిలబడే చెప్పి వచ్చాను.

ఇవాళ సుగుణ గారికీ, ఆ బేగంపేట ఆఫీసుకూ ఒకే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. క్షమించమని రాయలేదు. అలా అడిగితే మళ్లీ ఆమెకే ఒక పని అప్పజెప్పినట్టు. గుండె కొంచెం తేలికపడింది. ఆ మాత్రానికైనా నాకు హక్కుందో లేదో తెలియదు.

ఉత్తరం చిన్నదే. ఆ నోటీసు నాకే వచ్చింది. నేను చూశాను. సుగుణ గారికి పంపలేదు. కింద సంతకం, నా సీఏ మెంబర్‌షిప్ నంబరు, ఇవాళ్టి తారీఖు.

తారీఖు తప్పదన్న పేరున్న ఆఫీసు నుంచి ఆరేళ్లు ఆలస్యంగా.